ప్రమాద రహిత పందెం కారు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరెవరంటే, వసారాలో చింతపండు గింజలు తీస్తున్న నాయనమ్మ, పొయ్యి దగ్గర అమ్మ నాగేంద్రమ్మ, కారు కింద బాబాయి చెంచయ్య, కారు కిందనుంచి బయటికి కనబడుతున్న బాబాయి కాళ్ళ దగ్గర కూర్చొని పానాలు అందిస్తున్న పేరిందేవి. నాన్న లారీతో పాటు నాగపూర్ అవతల ఎక్కడో ఉన్నాడు కాబట్టి లెక్కలోకి రాడు. కారు కూడా ఇంట్లోనే ఉంది గాని అంతా ఒక్కచోట లేదు. కార్బురేటరు ఆవకాయ జాడీలో పెట్రోలు పోసుకొని నానుతోంది. హెడ్‌లైట్లు బియ్యం డబ్బా మీద ఉన్నాయి. వెనక సీటు వసారాలో గోడకు చేరేసి ఉంది, చుట్టాలొస్తే దాని మీదే కూర్చోబెడతారు. మిగతా కారు ఇంటిని ఆనుకొని ఉన్న బ్యారన్లో, అంటే ఒకప్పుడు పొగాకు కాల్చిన పాత కొట్టంలో ఉంది. బ్యారన్ని కూడా ఇల్లుగానే అనుకోవాలి. బాబాయి తిండీ పడకా అందులోనే.

ఒకప్పుడు అది పక్క ఊరి డాక్టరు గారి కారు. ఆయన పోయాక కొంతకాలం అందులో కోళ్ళు పొదిగాయి. బాబాయి దాన్ని ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చి పందెం కారు చేస్తానన్నప్పుడు మోటుపాడులో నవ్వనివాళ్ళు లేరు. బాబాయి పట్టించుకోలేదు. ఆయనకు ఒకే ఒక్క నమ్మకం ఉంది. కారు ఉరికేది ఇంజను బలంతో కాదు, ఒంటి తేలికతో. ఆ నమ్మకంతో కింద పరిచిన పట్టా పీకేశాడు, పైకప్పు లోపలి గుడ్డ చించేశాడు, స్టెప్నీ తీసి నాయనమ్మకు ముక్కాలిపీట చేసి ఇచ్చాడు. తలుపుల లోపలి రేకుకు బెజ్జాలు కొట్టాడు. వానొస్తే ఆ బెజ్జాల్లోంచి నీళ్ళు డ్రైవరు ఒళ్ళోకి కారేవి. డ్రైవరు పేరిందేవి. చెప్పులు బరువని ఆమెను వట్టి కాళ్ళతో తోలమన్నాడు. తోలే రోజు రెండు ఇడ్లీలకు మించి పెట్టొద్దని అమ్మకు చెప్పాడు. మూడో ఇడ్లీ విషయంలో వదినా మరిదీ చాలాసార్లు మాటామాటా అనుకున్నారు.

కారులో బాబాయి కొత్తగా చేర్చినవి మూడే, అవీ అమ్మ పోరు పడలేక: భుజాల బెల్టు, మంటలార్పే డబ్బా, అన్నిటికన్నా బరువైన పైపుల పంజరం. బోరు పైపుల్లో ఇసుక కూరి, నిప్పుల మీద కాల్చి, వంచి, లోపల నాలుగు మూలలా పంజరంలాగా అతికించాడు. కారు పల్టీ కొట్టినా పైకప్పు నెత్తి మీద పడకుండా ఆ పైపులు కాస్తాయి. "అది లేకపోతే నా బిడ్డ అందులో ఎక్కదు" అని అమ్మ చెప్పేసింది. పంజరం వైపు చూసినప్పుడల్లా బాబాయి నిట్టూర్చేవాడు. దాని బరువు ఆయనకు నోటికొచ్చు.

పేరి నలుగురిలో నోరు విప్పే పిల్ల కాదు. బళ్ళో మేష్టారు పేరడిగినా పక్క పిల్లే చెప్పాల్సి వచ్చేది. కానీ బ్యారన్ వెనక బీడులో పీపాలు పెట్టి కారు చేతికిస్తే, ఆ పీపాల మధ్యన ఆమె తిప్పే తీరు చూసి మేకలు కాసేవాళ్ళు సైతం కర్ర నేలకు పాతి నిలబడేవాళ్ళు. ఏ వంపులో బ్రేకు వదలాలో, ఏ వంపులో గేరు దించాలో ఎవరూ నేర్పకుండానే ఆమె పాదానికి తెలిసిపోయింది. పద్దెనిమిది నిండి లైసెన్సు చేతికొచ్చిన నెలలోనే జిల్లాలో పందెం ప్రకటించారు. మొదటొచ్చిన కారు డ్రైవరును చెన్నై దగ్గర పెద్ద ట్రాకుకు శిక్షణకు పంపుతారని ఆ ప్రకటనలో ఉంది. పేరి ఆ కాగితాన్ని మడిచి లంగావోణీ కొంగున ముడేసుకుంది. మోటుపాడులో పుట్టి, ఏదైనా బాగా చేయగలనని తెలిసి, అది చేసుకునే చోటు కూడా ఒకటుందని ఆమెకు తెలియడం అదే మొదలు.

అసలు ఆ పందెం ఎట్లా పుట్టిందంటే, జిల్లా ఆఫీసుకు పైనుంచి ఒకే టపాలో రెండు ఉత్తర్వులొచ్చాయి. గ్రామీణ యువతలో వేగం పట్ల ఉత్సాహం పెంచేందుకు కారు పందెం జరిపి తీరాలని ఒకటి. ఈ ఏడాది జిల్లాలో ఒక్క వాహన ప్రమాదం కూడా నమోదు కారాదని రెండోది. రెంటినీ ఒకే గుమాస్తా ఒకే పిన్నుతో గుచ్చి ఒకే అధికారి బల్ల మీద పెట్టాడు. ఆ విధంగా ప్రమాద రహిత పందేల సమన్వయాధికారిగా పరాంకుశం గారు నియమితులయ్యారు.

ఆ రోజు మధ్యాహ్నం గుమాస్తా యోబును వెంటేసుకొని ఆయన మోటుపాడు వచ్చారు. కారు వెనక సీటు మీద కూర్చొని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గొంతు సవరించుకున్నారు.

"సదరు పందెపు వాహనమును భద్రతా దృష్ట్యా పరిశీలించు నిమిత్తం మేము విచ్చేయడమైనది. వాహనమెచట?"

"సగం మీ కిందే ఉంది సార్" అన్నాడు బాబాయి.

పరాంకుశం గారు ఉలిక్కిపడి లేచారు. బ్యారన్లోకి వెళ్ళి కారు చుట్టూ తిరిగి పైపుల పంజరం దగ్గర ఆగారు.

"ఇదేమిటి?"

"పల్టీ కొడితే కాపాడేది సార్."

"అనగా పల్టీ కొట్టు ఉద్దేశముతోనే పందెములో పాల్గొనుచున్నారన్నమాట." ఆయన యోబు వైపు తిరిగారు. "ప్రమాదమును ముందుగా ఊహించి చేసిన అమరిక. తొలగించవలెను."

గుమ్మంలో నిలబడ్డ అమ్మ ముందుకొచ్చింది. "అయ్యా, అదే గదయ్యా పిల్లకు కాపుదల! గట్టిగుందో లేదో కొట్టి చూడండి, ఏనుగెక్కినా వంగదు."

యోబు ఆమెను పక్కకు పిలిచి మర్యాదగా చెప్పాడు. "అమ్మా, మా పద్ధతేందంటే, ఒక వస్తువు బాగుందని రాయాలంటే కింద సారు సంతకం పెట్టాల. రేపది ఊడిందంటే సారు మెడకు చుట్టుకుంటది. అదే తీసేశామనుకో, సంతకంతో పన్లేదు. లేని వస్తువు ఊడదు గదమ్మా."

అమ్మ బాబాయి వైపు చూసింది, అడ్డు చెబుతాడేమోనని. బాబాయి మొహం పెళ్ళికొడుకు మొహంలాగా వెలుగుతోంది.

"ఆఫీసరు గారు చెప్పినాక మనమేం చేస్తాం వదినా" అన్నాడు. వాళ్ళ జీపు మలుపు తిరగ్గానే పేరి భుజం పట్టుకొని ఊపాడు. "మణుగుంబావు బరువు పోయిందే! ఇప్పుడు చూడు, బాణంలాగా పోద్ది మనది!"

"నీ బాణం తగలెయ్య! పిల్లకేమన్నా అయితే?" అంది నాయనమ్మ, గింజలు తీయడం ఆపకుండానే. "బుద్ధుందా అబ్బయ్యా నీకు?"

పంజరం పోయింది. అమ్మ పట్టుబట్టి కుట్టించిన భుజాల బెల్టు డ్రైవరు స్వేచ్ఛకు భంగకరమని పోయింది. మంటలార్పే డబ్బా కూడా పోయింది, మంటలు వస్తాయన్న అపోహ కలిగిస్తుందని. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా బాబాయి బ్యారన్ గోడ మీద బొగ్గుతో బరువు తగ్గించి రాసుకున్నాడు.

తర్వాత మండలాఫీసులో జట్ల సమావేశం పెట్టారు. పందెంలో ఉన్న ఊళ్ళు కొన్నే. వాటిలో గట్టి పోటీ వేములబండ. దాని డ్రైవరు ఇబ్రహీం, బస్టాండు దగ్గర టైర్లకు పంక్చర్లు వేస్తాడు. పేరిని చూసి, "ఏం చెల్లే, మీ కారు గాలికి లేచిపోతదంట గదా, రాయి కట్టి తెచ్చారా?" అన్నాడు. పేరి నవ్వు దాచుకోవడానికి తల దించుకుంది.

పరాంకుశం గారు నియమాలు చదివారు.

"ఒక వాహనము మరియొక వాహనమును దాటిపోవుట నిషిద్ధము. జిల్లాలో సంభవించు ప్రమాదములలో అత్యధికము దాటిపోవు సందర్భములోనే జరుగుచున్నవి. వంపులు ప్రమాదకరములు కనుక మార్గమున వంపులుండవు. ముగింపు గీత వద్ద వాహనములన్నియు తొందరపడుట గమనించితిమి. కావున ముగింపు గీతను తొలగించడమైనది."

వెనక వరసలోంచి ఎవరిదో సన్నని గొంతు వినబడింది. అది తనదేనని పేరికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

"మరి పందెం యాడ అయిపోద్ది సార్?"

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పరాంకుశం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సముచితమైన ప్రశ్న. పందెము ముగియకుండుటయే భద్రతకు పరాకాష్ఠ. కూర్చొనుము."

"అది గాదు సార్" అన్నాడు ఇబ్రహీం, "దాటకుండా, గీత లేకుండా మొదట ఎవరొచ్చినట్టు?"

"అందరును వచ్చినట్టే. అందులో ఎవరు మొదటన్నది నిర్ణయించుటకు ఒక ఉపసంఘము వేయబడినది. అది ప్రమాద సూచి అను కొలమానమును రూపొందించుచున్నది. ఏ వాహనమందు ప్రమాదమునకు ఆస్కారము అత్యల్పమో అదియే విజేత."

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో బాబాయి గంట కొట్టినట్టు నవ్వుతూనే ఉన్నాడు. "విన్నావటే? ఎవరి కార్లో తక్కువ సామానుంటే వాళ్ళదే గెలుపంట. ఈ జిల్లాలో నా అంత పీకినోడు ఎవుడున్నాడే? ఈ పందెం నా కోసమే పెట్టినట్టుంది!"

"మరి నేను తోలేది ఉంటదా బాబాయ్?"

"నువ్వు తోలకపోతే ఇంకెవరు తోల్తారు! దిగులేందే?"

రెండో పరిశీలనకు పరాంకుశం గారు మజ్జిగ కూడా తాగలేదు. అప్పటికి పని ఎక్కువైంది. ట్యాంకు మూత తీసి వాసన చూసి, వెనక్కి ఎగిరారు.

"ఇందులో పెట్రోలున్నది!"

"కారు గదా సార్" అన్నాడు బాబాయి.

"మండు స్వభావము గల ద్రవమును జనసమ్మర్దంలోకి తెచ్చెదరా? తొలగించవలెను."

పెట్రోలు పోయాక, పెట్రోలు లేని ఇంజనుతో ఎవరికీ పని లేదని తేలింది. పని లేని పెద్ద ఇనుప వస్తువు కదులుతుంటే ఊడి పడవచ్చునని కూడా తేలింది. యోబు సంతకాల కాగితం తీసి సారు ముందు పెట్టాడు. సారు దాన్ని చూసి పాము మీద కాలేసినట్టు అడుగు వెనక్కి వేశారు.

"తొలగించవలెను" అన్నారు.

అప్పుడు మటుకు బాబాయి వెళ్ళి ఇంజను మీద చెయ్యి వేశాడు. ఆ ఇంజనును ఆయన తన చేతులతో విప్పాడు. పిస్టన్ల మసి గోకాడు, వాల్వులు అరగదీశాడు. నల్లబడ్డ ఆయిలును పారబొయ్యడానికి మనసొప్పక పేరి పాత పావడాలో వడగట్టి మళ్ళీ మళ్ళీ పోశాడు. క్లచ్ ప్లేటు అరిగిపోతే పారెయ్యకుండా, దానికే కొత్త పట్టీ మేకులతో బిగించి నడిపించాడు. కారు దగ్గితే నిద్దట్లోంచి లేచేవాడు. గొలుసు కట్టి ఇంజనును పైకి లేపుతుంటే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పేరి చూసింది. బాబాయి ఇప్పుడు ఒద్దంటాడనుకుంది.

ఇంజను నేల మీద దిగింది. దాని కింద ఒత్తుకొని ఉన్న ముందు స్ప్రింగులు ఒక్కసారిగా జానెడు పైకి లేచాయి. బాబాయి వాటినే చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అసలు బరువంతా దీందేనే పేరీ" అన్నాడు. "ఇన్నాళ్ళూ నాకు తట్టలా."

అమ్మ లోపలికెళ్ళి తలుపు గొళ్ళెం పెట్టుకుంది. ఆ పూట ఎవరికీ అన్నం వడ్డించలేదు.

చక్రాలు గుండ్రంగా ఉన్నందువల్ల దొర్లే ప్రమాదముందని అవీ విప్పారు. ఇటుకల మీద నిలబెట్టారు. స్టీరింగు కూడా విప్పవలసిందే గాని, దానికి సరిపడే పానాను బాబాయి అంతకుముందే ఇబ్రహీముకు ఇచ్చి ఉన్నందువల్ల అది మిగిలింది. ఇటుకల మీది కారులో పేరి సాయంత్రం కాసేపు కూర్చునేది. ముందున్న బ్యారన్ గోడను చూస్తూ, లేని పీపాల మధ్య స్టీరింగు తిప్పుతూ, నేలనున్న రేకు మీద వట్టి పాదం నొక్కుతూ. "పోనీలే, ఎట్లా గెలిచినా గెలుపే. అక్కడి ట్రాకు మీద కార్లకు ఇంజన్లుంటాయి" అని తనకు తాను చెప్పుకునేది.

పందెం రోజు మైదానంలో షామియానాలు వేశారు. బ్యాండు మేళం పెట్టారు. కార్లన్నిటినీ ట్రాక్టరు ట్రక్కుల మీద తెచ్చి, వరసగా ఇటుకల మీద దించారు. మైదానం మూల అంబులెన్సు కూడా ఇటుకల మీదే ఉంది. అది కూడా వాహనమే గదా. పచ్చజెండా ఊపితే డ్రైవర్లలో ఉద్రేకం పుడుతుందని ఎర్రజెండా ఊపి పందెం మొదలుపెట్టారు.

మైకులో వ్యాఖ్యాత గొంతు చించుకున్నాడు. "అదిగో, మోటుపాడు కారు! ఏమి నిలకడ, ఏమి నిలకడ! వేములబండ కూడా తగ్గడం లేదు, ఉన్నచోటే ఉంది! ప్రేక్షకులారా, ఇంతటి హోరాహోరీని ఈ గడ్డ మునుపెన్నడూ చూసి ఉండదు!"

జనం చప్పట్లు కొట్టారు. మిఠాయి బండ్ల దగ్గర బేరాలు బాగా సాగాయి. పేరి స్టీరింగు పట్టుకొని ముందుకు చూస్తూ కూర్చుంది. అన్ని వేల కళ్ళు తన మీద ఉన్నా ఆ రోజు ఆమెకు సిగ్గనిపించలేదు. సీట్లో కూర్చుంటే ఎప్పుడూ సిగ్గనిపించదు.

ఉపసంఘం కార్లన్నీ తిరిగి చూసి, లెక్కలు కట్టి, తీర్పు చెప్పింది. అద్దాలు కూడా లేకుండా, సీటూ స్టీరింగూ తప్ప లోపల ఏమీ మిగలని మోటుపాడు, వేములబండ కార్లు సమానంగా వచ్చాయి. పరాంకుశం గారు మైకు తీసుకున్నారు.

"రెండు వాహనములయందును ఇక ఒకే ఒక ప్రమాదకర వస్తువు మిగిలియున్నది. జిల్లాలోని ప్రమాదములన్నిటికిని మూలకారణము అదియే అని గణాంకములు ఘోషించుచున్నవి. అదియే డ్రైవరు."

బ్యాండు మేళం ఆగింది.

"డ్రైవరును ఉంచదలచినచో, ఆ డ్రైవరు వలన ఏ హాని జరిగినను పూచీ నాదే అని ఎవరైనను సంతకము చేయవలెను. లేనిచో తొలగించవలెను. ముందుగా ప్రమాద రహితమైన వాహనము విజేత."

షామియానాలోంచి అమ్మ లేచింది. "నేను పెడతా సంతకం! నా బిడ్డకు నేను పూచీ!"

"తల్లి సంతకము చెల్లదు. జట్టు నాయకుడే చేయవలెను."

అవతల ఇబ్రహీం వాళ్ళ నాన్న కారు దగ్గరికి వెళ్ళి, దిగమని చేతులు పట్టుకు లాగుతున్నాడు. "దిగను అబ్బా! డ్రైవరు దిగిపోయినాక ఇదేం పందెం?" అని ఇబ్రహీం సీటును కావలించుకొని అరుస్తున్నాడు. యోబు సంతకాల కాగితం, కలం పట్టుకొని మోటుపాడు కారు వైపు నడుస్తున్నాడు. బాబాయి యోబును దాటి పరిగెత్తుకొచ్చాడు. ఆ రోజు ఆ మైదానంలో వేగంగా కదిలింది ఆయనొక్కడే.

"దిగు తల్లీ, తొరగా దిగు!"

పేరి స్టీరింగు వదల్లేదు. "సంతకం పెట్టు బాబాయ్."

"పెడితే నువ్వుంటావు. నువ్వుంటే ఓడిపోతామే! అటు చూడు, ఆ పిల్లోడి సగం ఒళ్ళు బయటికొచ్చింది."

"ఓడిపోనీ. నేనెట్టా తోల్తానో నీకు తెలవదా? నా వల్ల ఎవరికన్నా దెబ్బ తగిలిద్దా? ఆ మాట రాసి పెట్టు, చాలు."

ఎన్నడూ లేంది అంత పొడుగు మాట మాట్లాడిందని బాబాయి ఒక్క క్షణం ఆగాడు. యోబు కలం మూత తీసి చేతికిచ్చాడు. బాబాయి కలం పట్టుకున్నాడు. కాగితం చూశాడు. పూచీ అన్న మాట దగ్గర వేలు పెట్టి, రెండుసార్లు చదువుకున్నాడు.

"ఏమోనే అమ్మా" అన్నాడు మెల్లగా, కలం తిరిగి ఇచ్చేస్తూ. "రేపేదన్నా అయితే నా మెడకు చుట్టుకుంటది." అంతలోనే ఏదో తట్టి ఆయన మొహం విప్పారింది. "అయినా నువ్వు దిగితే యాభై కిలోలు తగ్గుద్ది! గెలుస్తాం! గెలిస్తే చెన్నై పోయేది ఎవరనుకున్నావు? నువ్వే గదే పిచ్చిదానా!"

"గెలిచిన కార్లో డ్రైవరే లేదు గదా బాబాయ్. పోయేదెవరు?"

"అయ్యన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు బరువు దిగనీ."

తలుపు తెరిచి, మోచెయ్యి పట్టుకొని, చిన్నప్పుడు తిరునాళ్ళలో రంగులరాట్నం మీంచి దించినంత జాగ్రత్తగా ఆమెను దించాడు. ఎండకు కాలిన మట్టి వట్టి పాదాలకు చురుక్కుమంది. బాబాయి కారంతా ఒకసారి తృప్తిగా చూసుకున్నాడు. పందెం కోసమని కొత్తగా వేసిన రంగు ఎక్కడ పెచ్చులూడుతుందోనని రెండు చేతులతో పట్టి, ఆమె మొహం మీద తలుపు మూశాడు.